ప్రక్షేపక చలనం: లెక్కలు చేసే తీరు

గాలిలోకి విడిచిపెట్టిన తరవాత గురుత్వాకర్షణ తప్ప మరే బలమూ పనిచేయని వస్తువును ప్రక్షేపకం అంటారు. వడిసెల నుంచి వెళ్ళిన రాయి, బల్ల అంచు దాటి పడే గోళీ, షాట్‌పుట్ ఆటగాడి చేయి వదిలిన ఇనుపగుండు, ఫిరంగి గుండు అన్నీ ఈ కోవలోవే. విసిరిన చేతి బలం, పేలిన మందు ఒత్తిడి లెక్కలోకి రావు. వస్తువు చేయి విడిచిన క్షణంలో లెక్క మొదలై, నేలను తాకబోయే క్షణంలో ముగుస్తుంది. ఇంజను మండుతున్నంతసేపూ రాకెట్ ప్రక్షేపకం కాదు, ఆరిపోయాక అవుతుంది.

ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం భౌతికశాస్త్రంలో ‘సమతలంలో చలనం’ అనే అధ్యాయంలో ఈ విషయం వస్తుంది. అక్కడ మూడు విషయాలను ముందే ఒప్పుకుంటారు. గాలి నిరోధం లేదు. గురుత్వ త్వరణం ఎంత ఎత్తుకు వెళ్ళినా ఒకటే, సెకను వర్గానికి 9.8 మీటర్లు (చేతిలెక్కకు 10 అనుకుంటారు). నేల చదునుగా ఉంది. ఈ మూడూ ఒప్పుకున్నాక మిగిలేది ఒక్క సూత్రమే. అడ్డంగా తోసే బలమేదీ లేదు కనుక క్షితిజ సమాంతర వేగం మారదు. నిలువుగా మాత్రం వస్తువు నేరుగా పైకి విసిరిన రాయిలాగే ప్రవర్తిస్తుంది. ఒక చలనానికి రెండోదాని ఊసే పట్టదు. రెండింటినీ కలిపేది కాలం ఒక్కటే.

దీనికి కావలసిన గణితం పదో తరగతి వర్గ సమీకరణం, కాస్త త్రికోణమితి. అయినా పిల్లలు ఈ అధ్యాయంలో ఎక్కువగా తడబడతారు. చలనాన్ని రెండుగా విడదీయవచ్చని మనసు ఒప్పుకోక, సమీకరణాలను కంఠస్థం చేసి వాటినే నమ్ముకోవడం ఇందుకు ప్రధాన కారణం.

పరావలయం దాకా వచ్చిన దారి

విసిరిన వస్తువు చేయి విడిచాక కూడా ముందుకు ఎందుకు పోతుందన్నది ప్రాచీన గ్రీకుల నాటి చిక్కు. చుట్టూ ఉన్న గాలే దాన్ని తోస్తూ ఉంటుందన్నాడు అరిస్టాటిల్. 6వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన ఫిలోపోనస్ దీన్ని కాదన్నాడు. విసిరేవాడే వస్తువులోకి ఒక శక్తిని నింపుతాడని, అది అయిపోయేదాకా వస్తువు నడుస్తుందని అతని వాదం. 14వ శతాబ్దంలో పారిస్ పండితుడు బురిడాన్ ఆ శక్తిని ‘ఇంపెటస్’ అన్నాడు. ఈ ఊహ తప్పే, కానీ మనిషి మనసుకు ఎంత సహజమైనదో ఈ వ్యాసంలోనే మరోసారి చూస్తాం.

ఫిరంగులు వచ్చాక ప్రశ్న తత్వవేత్తల చేతుల్లోంచి సైనికుల చేతుల్లోకి వెళ్ళింది. 1537లో వెనిస్‌లో నికోలో తార్తాలియా ‘నోవా సియెన్షియా’ అచ్చువేశాడు. గుండు మొదట సరళరేఖలో, తరవాత వృత్తఖండంలో, చివరకు నిట్టనిలువుగా కిందికి పోతుందని అందులో బొమ్మలు గీశాడు. అన్నిటికంటే దూరం పోవాలంటే ఫిరంగిని 45 డిగ్రీల్లో ఎత్తాలన్నది కూడా అతని మాటే. పథం తప్పుగా గీసినా కోణం సరిగ్గా చెప్పాడు. 1546లో వెలువడిన మరో పుస్తకంలో గుండు దారిలో ఏ భాగమూ నిజంగా సరళరేఖ కాదని ఒప్పుకున్నాడు.

ముడి విప్పినవాడు గెలీలియో. 1608 ప్రాంతంలో పాడువాలో ఉండగా అతడు బల్లమీద ఏటవాలు గాడి అమర్చి, వేర్వేరు ఎత్తుల నుంచి గోళీని దొర్లించాడు. గాడి చివర గోళీ అడ్డంగా తిరిగి బల్ల దాటి కింద పడేది. పడిన చోటును కొలిచి రాసుకున్నాడు. బల్ల ఎత్తు మారదు కనుక పడే కాలమూ మారదు, అందుచేత నేలమీది దూరం నేరుగా అడ్డవేగాన్ని చెబుతుంది. గడియారంతో పని లేకుండానే వేగాన్ని కొలిచిన తీరు ఇది. అతని చేతిరాత కాగితాలు ఈనాటికీ ఫ్లోరెన్స్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. ఫలితాలు అచ్చులోకి రావడానికి మాత్రం ముప్పై ఏళ్ళు పట్టింది. 1633 నాటి మతవిచారణ తరవాత గృహనిర్బంధంలో రాసిన ‘రెండు నూతన శాస్త్రాలు’ 1638లో హాలండ్‌లోని లైడెన్‌లో వెలువడింది. సంభాషణల రూపంలో ఉన్న ఆ గ్రంథంలో నాలుగో రోజు చర్చ పూర్తిగా ప్రక్షేపకాల గురించే. పథం పరావలయమని అక్కడే నిరూపణ కనిపిస్తుంది. 45 డిగ్రీలకు అటూ ఇటూ సమాన దూరంలో ఉన్న కోణాలు ఒకే వ్యాప్తిని, అంటే నేలమీద ఒకే దూరాన్ని, ఇస్తాయని కూడా అక్కడే తేలుతుంది. ఆరేళ్ళకు, 1644లో, శిష్యుడు టోరిచెల్లి ఈ పనిని ముందుకు తీసుకెళ్ళాడు.

లెక్కలో దిగడం

మొదట బొమ్మ గీయాలి. మూలబిందువు ఎక్కడ, ఏ దిశ ధనాత్మకం అన్నవి దానిమీదే గుర్తుపెట్టాలి. తరవాత కాగితాన్ని నిలువుగా రెండుగా మడిచి, ఒక సగంలో అడ్డ చలనం వివరాలు, రెండో సగంలో నిలువు చలనం వివరాలు రాయాలి. ఇచ్చిన వేగం ఏటవాలుగా ఉంటే కొసైన్‌తో అడ్డ అంశం, సైన్‌తో నిలువు అంశం వస్తాయి. కోణాన్ని నేల నుంచి కాక నిలువు రేఖ నుంచి ఇస్తే ఇవి తారుమారవుతాయి. పరీక్షలు కూర్చేవారికి ఇది ఇష్టమైన ఉచ్చు. ఇక కాలం ఏ సగం నుంచి దొరుకుతుందో చూసి, అక్కడ కనుక్కుని, రెండో సగానికి అందించాలి.

80 సెంటీమీటర్ల ఎత్తున్న బల్లమీంచి గోళీ సెకనుకు 3 మీటర్ల వేగంతో అడ్డంగా దాటిందనుకుందాం. మొదట్లో నిలువు వేగం సున్నా. కాలాన్ని ‘కా’ అంటే, 0.8 = 5కా², కనుక కా = 0.4 సెకను. అడ్డదూరం 3 × 0.4 = 1.2 మీటర్లు. నేలను తాకేటప్పుడు నిలువు వేగం సెకనుకు 4 మీటర్లు, అడ్డవేగం 3, కనుక ఫలిత వేగం 5, దిశ నేలకు సుమారు 53 డిగ్రీలు. గోళీ వేగాన్ని రెట్టింపు చేస్తే దూరం రెట్టింపవుతుంది, కాలం మాత్రం అదే 0.4 సెకను. ఇది వింతగా అనిపించినంతకాలం అధ్యాయం పట్టుబడనట్టే.

రెండో లెక్క కొంచెం లోతైనది. 15 మీటర్ల ఎత్తున్న భవనం పైకప్పు నుంచి బంతిని 30 డిగ్రీల కోణంలో పైకి, సెకనుకు 20 మీటర్ల వేగంతో విసిరారు. భవనం పాదం నుంచి ఎంత దూరంలో పడుతుంది? నిలువు అంశం 10, అడ్డ అంశం 17.3. పైకి ధనాత్మకం అనుకుంటే నేల −15 దగ్గర ఉంది. అప్పుడు −15 = 10కా − 5కా². సర్దితే కా² − 2కా − 3 = 0. మూలాలు 3, −1. కాలం 3 సెకన్లు, దూరం 17.3 × 3, అంటే దాదాపు 52 మీటర్లు.

తరగతిలో −1 మీద గీత కొట్టేసి ముందుకు వెళ్ళిపోతారు, ఆ మూలానికీ అర్థం ఉంది. ఇదే పరావలయాన్ని వెనక్కి పొడిగిస్తే, విసరడానికి ఒక సెకను ముందు అది నేలమట్టాన్ని తాకుతుంది. అంటే భవనం అడ్డులేకుండా, పైకప్పు దగ్గరి క్షణానికి ఒక సెకను ముందు, నేలమీంచి సెకనుకు 20 మీటర్ల నిలువు అంశంతో బయల్దేరిన బంతి కూడా ఇదే దారిలో వచ్చి ఇక్కడినుంచి ఇలాగే పోయేది. సమీకరణానికి భవనం ఉందని తెలియదు, పరావలయం మాత్రమే తెలుసు.

లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి శక్తి నిత్యత్వం అక్కరకొస్తుంది. తాకే వేగపు వర్గం, తొలి వేగపు వర్గానికి ‘రెండు ఇంటూ గురుత్వ త్వరణం ఇంటూ ఎత్తు’ కలిపినంత కావాలి: 400 + 300 = 700. మన జవాబులో నిలువు వేగం 20, అడ్డవేగం 17.3. వాటి వర్గాల మొత్తమూ 700. సరిపోయింది.

కంఠస్థ సూత్రాలు, వాటి హద్దులు

నేలమీంచి విసిరి, అదే మట్టంలో పడే వస్తువుకు మూడు సూత్రాలున్నాయి. గాలిలో ఉండే కాలం, నిలువు వేగాంశానికి రెట్టింపును గురుత్వ త్వరణంతో భాగిస్తే వస్తుంది. గరిష్ఠ ఎత్తు, నిలువు అంశపు వర్గాన్ని గురుత్వ త్వరణానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. వ్యాప్తి, తొలి వేగపు వర్గాన్ని రెట్టింపు కోణపు సైన్‌తో గుణించి గురుత్వ త్వరణంతో భాగిస్తే వస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల ఎప్‌సెట్ పరీక్షల్లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు. ఒక్కోదానికి 70 సెకన్లు కూడా ఉండవు. కోచింగ్ తరగతులు ఈ మూడింటినీ నాలుకమీద ఎందుకు నిలుపుతాయో అర్థం చేసుకోవచ్చు. కాకపోతే పైకప్పు లెక్కలో వ్యాప్తి సూత్రం వాడితే 34.6 మీటర్లు వస్తుంది. అది బంతి మళ్ళీ పైకప్పు మట్టానికి వచ్చిన చోటు. నేల చేరడానికి ఇంకో సెకను, ఇంకో 17.3 మీటర్లు మిగిలే ఉన్నాయి. సూత్రం అబద్ధం చెప్పలేదు, అడగని ప్రశ్నకు జవాబిచ్చింది.

పూరక కోణాల జంట అందమైనది. సెకనుకు 20 మీటర్లతో 30 డిగ్రీల్లో విసిరినా 60 డిగ్రీల్లో విసిరినా వ్యాప్తి అదే 34.6 మీటర్లు. మొదటిది 5 మీటర్ల ఎత్తుకే వెళ్ళి 2 సెకన్లలో వస్తుంది. రెండోది 15 మీటర్లు ఎక్కి 3.46 సెకన్లు తీసుకుంటుంది. క్రికెట్‌లో బౌండరీ దగ్గరి ఫీల్డర్ వికెట్ కీపర్‌కు బంతిని ఎత్తుగా కాక తక్కువ కోణంలో విసరడానికి ఇదొక కారణం.

ఇక 45 డిగ్రీలు. ‘గరిష్ఠ వ్యాప్తికి 45’ అన్న మాట చేయి విడిచిన మట్టమూ పడే మట్టమూ ఒకటైనప్పుడే నిజం. షాట్‌పుట్‌లో గుండు భుజంపై నుంచి, దాదాపు 2 మీటర్ల ఎత్తులో చేయి విడుస్తుంది. వేగం సెకనుకు 14 మీటర్లు అనుకుని లెక్కకడితే ఉత్తమ కోణం 42.4 డిగ్రీలు, దూరం 21.9 మీటర్లు. 45 డిగ్రీలకూ దీనికీ తేడా 8 సెంటీమీటర్లే. అయినా మేటి ఆటగాళ్ళు ఇంతకన్నా చాలా తక్కువ కోణంలో, తరచు ముప్పైల్లోనే, గుండు వదులుతారు. మనిషి శరీరం అన్ని కోణాల్లో ఒకే వేగం ఇవ్వలేదు. కోణం పెరిగేకొద్దీ వేగం తగ్గుతుంది. లాంగ్‌జంప్‌లో ఇది మరీ తీవ్రం, అక్కడ ఎగిరే కోణం 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. వేగానికీ కోణానికీ సంబంధం లేదన్న ఊహ పాఠ్యపుస్తకానిది, కండరాలది కాదు.

గురిపెట్టే లెక్కలు

వస్తువు ఎక్కడ పడుతుందన్నది సులువైన ప్రశ్న. ఫలానా చోట తగలాలంటే ఏ కోణంలో విసరాలన్నది అంతకన్నా ఆసక్తికరం. కాలాన్ని తొలగిస్తే పథ సమీకరణం వస్తుంది. అందులో కొసైన్ వర్గాన్ని టాంజెంట్‌లోకి మార్చితే, కోణపు టాంజెంట్‌లో వర్గ సమీకరణం చేతికొస్తుంది.

కొబ్బరి చెట్టు 20 మీటర్ల దూరంలో ఉంది, గెల విసిరే చేతికన్నా 10 మీటర్ల ఎత్తున ఉంది. రాయి వేగం సెకనుకు 20 మీటర్లు. టాంజెంట్‌ను ‘టా’ అంటే, టా² − 4టా + 3 = 0. మూలాలు 1, 3. అంటే 45 డిగ్రీల్లో విసిరినా, 71.6 డిగ్రీల్లో విసిరినా రాయి గెలకు తగులుతుంది. మొదటిది సరిగ్గా శిఖరం దగ్గర తగులుతుంది, రెండోది శిఖరం దాటి దిగుతూ తగులుతుంది. గెల 15 మీటర్ల ఎత్తున ఉంటే సమీకరణం టా² − 4టా + 4 = 0 అవుతుంది. ఒకే మూలం 2, ఒకే కోణం, 63.4 డిగ్రీలు. 16 మీటర్ల ఎత్తయితే వాస్తవ మూలాలే లేవు. ఆ వేగంతో ఏ కోణంలో విసిరినా రాయి అక్కడికి చేరదు.

ఇలా చేరగల చోట్లకూ చేరలేని చోట్లకూ మధ్య ఉన్న సరిహద్దు కూడా పరావలయమే. అన్ని కోణాల పథాలనూ కప్పి ఉంచే ఈ వక్రాన్ని వర్ణించిన ఘనత టోరిచెల్లిది. మన లెక్కలో అది విసిరే చోటికి సరిగ్గా పైన 20 మీటర్ల దగ్గర మొదలై, నేలమీద 40 మీటర్ల దగ్గర దిగుతుంది. దాన్ని దాటి నిలబడిన మనిషికి రాయి తగిలే భయం లేదు కనుక దీన్ని రక్షణ పరావలయం అనడమూ ఉంది.

పుస్తకాల్లోని కోతి, వేటగాడి లెక్క కూడా గురిపెట్టేదే. తుపాకీ పేలగానే కోతి కొమ్మ వదిలేస్తుందని తెలిస్తే గురి ఎక్కడ పెట్టాలి? నేరుగా కోతికే. గురుత్వం లేకపోతే గుండు సరళరేఖలో కోతి దగ్గరికి పోయేది. గురుత్వం ఉండటం వల్ల ఆ రేఖ నుంచి గుండు ఎంత దిగుతుందో, కొమ్మ నుంచి కోతి కూడా అదే కాలంలో అంతే దిగుతుంది. కోతితో పాటు పడుతున్న కంటితో చూస్తే గుండు సరళరేఖలోనే వస్తోంది. గుండు నేలను తాకేలోపే కోతిని చేరేంత వేగం ఉంటే చాలు.

ఏటవాలు నేలమీద విసిరే లెక్కలకు అక్షాలను నేలవాలుకు సమాంతరంగా తిప్పుకోవడం మేలు. వాలుమీద పైవైపు గరిష్ఠ దూరానికి, వాలుకూ నిలువు రేఖకూ మధ్య కోణాన్ని సగానికి కోసే దిశలో విసరాలి. చదునునేలకు ఇదే నియమం 45 డిగ్రీలు ఇస్తుంది.

తడబాట్లు

1982లో అమెరికా పరిశోధకుడు జాన్ క్లెమెంట్ కళాశాల విద్యార్థులను పైకి విసిరిన నాణెం మీద పనిచేసే బలాలు గీయమన్నాడు. చాలామంది గురుత్వంతో పాటు పైకి తోసే మరో బలాన్నీ గీశారు. మరుసటి ఏడాది మైకేల్ మెక్‌క్లాస్కీ రాసిన వ్యాసంలో, నడుస్తున్న మనిషి చేతిలోంచి జారిన బంతి నేరుగా కిందికే పడుతుందని సుమారు సగం మంది నమ్మినట్టు తేలింది. బురిడాన్ ‘ఇంపెటస్’ ఇరవయ్యో శతాబ్దపు తరగతి గదిలో బతికే ఉందన్నమాట. 490 మీటర్ల ఎత్తులో, సెకనుకు 100 మీటర్ల వేగంతో పోతున్న విమానం సరుకుల మూట వదిలితే అది 10 సెకన్లలో, ఒక కిలోమీటరు ముందుకు పోయి పడుతుంది. ఆ 10 సెకన్లూ పైలట్‌కు మూట తన సరిగ్గా కిందే కనిపిస్తుంది. నమ్మకం లేనివారు మూటను వెనక్కి వంచి గీస్తారు.

శిఖరం దగ్గర వేగం సున్నా అనడం అన్నిటికన్నా సాధారణమైన పొరపాటు. అక్కడ సున్నా అయ్యేది నిలువు అంశం మాత్రమే, అడ్డ అంశం చెక్కుచెదరదు. త్వరణం కూడా అక్కడ సున్నా కాదు. నేలను తాకేటప్పుడు ‘తుది వేగం సున్నా’ అని రాయడం మరొకటి. వస్తువు ఆగేది నేల ఆపాక, మన లెక్క దానికి ముందే ముగిసింది.

గాలి వచ్చాక

సెకనుకు 40 మీటర్లతో 45 డిగ్రీల్లో బ్యాట్‌ను విడిచిన క్రికెట్ బంతి పుస్తకం ప్రకారం 163 మీటర్లు పోవాలి. నిజానికి సిక్సర్ 100 మీటర్లు దాటడమే అరుదు. ఆ వేగంలో బంతిమీద గాలి నిరోధం దాదాపు బంతి బరువంత ఉంటుంది. షటిల్‌కాక్ సంగతి ఇంకా దూరం. 2023లో అమలాపురం ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డు అయింది. ఆ వేగాన్ని వ్యాప్తి సూత్రంలో పెడితే రెండున్నర కిలోమీటర్లు వస్తుంది. బ్యాడ్మింటన్ కోర్టు పొడవు 13.4 మీటర్లే. బాగా ఎత్తి కొట్టిన షటిల్ శిఖరం దాటాక దాదాపు నిలువుగా దిగుతుంది. తార్తాలియా గీసిన బొమ్మ గుర్తుకొచ్చేది ఇక్కడే.

గాలి ప్రభావాన్ని తొలిసారి కొలిచి చూపినవాడు ఇంగ్లండ్‌కు చెందిన బెంజమిన్ రాబిన్స్. తుపాకీ గుండును వేలాడే బరువైన చెక్కదిమ్మెలోకి పేల్చి, దిమ్మె ఊగిన మేరను బట్టి వేగం కట్టాడు. ద్రవ్యవేగ నిత్యత్వం పాఠంలో ఇంటర్ విద్యార్థులు చేసే లెక్క ఇదే. దూరం పెంచుతూ కొలిస్తే గుండుమీద గాలి నిరోధం దాని బరువుకు ఎన్నో రెట్లని తేలింది. 1742లో వచ్చిన అతని పుస్తకాన్ని ఆయిలర్ మూడేళ్ళకు జర్మన్‌లోకి తెచ్చి వ్యాఖ్యానం రాశాడు. రాబిన్స్ తరవాత ఈస్టిండియా కంపెనీ కోటలు బాగుచేయడానికి వచ్చి, 1751లో కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో చనిపోయాడు.

గాలి చెరిపేది దూరాన్నే కాదు, పద్ధతిని కూడా. నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, వేగానికి ఎదురుదిశలో ఉంటుంది. కనుక దాని నిలువు అంశంలో అడ్డవేగం కూడా దూరుతుంది. రెండు సగాల కాగితం ఇక పనికిరాదు. ఒకే ఎత్తు నుంచి ఒక గుండును జారవిడిచి, మరోదాన్ని అడ్డంగా పేలిస్తే రెండూ ఒకేసారి నేల చేరతాయన్న ప్రసిద్ధ వాక్యం కూడా గాలిలో కచ్చితంగా నిలవదు. పేల్చిన గుండు కాస్త ఆలస్యంగా పడుతుంది.

అప్పుడు మిగిలేది చిన్న చిన్న అడుగుల లెక్క. నూరో వంతు సెకనులో త్వరణం మారదనుకుని కొత్త వేగం, కొత్త స్థానం కట్టడం, మళ్ళీ త్వరణం కట్టడం. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా ఫిరంగి పట్టికలకు ఇలా ఒక్క పథం చేతియంత్రంతో కట్టడానికి 20 గంటలదాకా పట్టేది. ఆ పని కోసమే మొదలుపెట్టి, 1946లో ప్రజలకు చూపించిన ఎనియాక్ కంప్యూటర్ దాన్ని సుమారు 30 సెకన్లకు కుదించింది. ఇప్పుడు అది స్ప్రెడ్‌షీట్‌లో నాలుగు నిలువు వరుసల పని. మొదట నిరోధాన్ని సున్నా పెట్టి, పైకప్పు బంతి 3 సెకన్లకు 52 మీటర్ల దగ్గర పడుతోందో లేదో సరిచూసుకోవాలి. తరవాత నిరోధాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే, నేలమీంచి విసిరిన వస్తువుకు గరిష్ఠ వ్యాప్తినిచ్చే కోణం 45 డిగ్రీల నుంచి కిందికి జారడం, పథం దిగేవైపు నిటారుగా మారడం అంకెల్లోనే కనిపిస్తాయి.